నున్నమ్మ ఊడ్చి పంపిన చుట్టాలు

మా ఇంటికీ నున్నమ్మ ఇంటికీ మధ్య ఒకే గోడ. ఆవిడ తుమ్మితే ఇటునుంచి నేను "చిరంజీవ" అంటాను. నేను దగ్గితే అటునుంచి "టీచరమ్మా, వేడినీళ్ళు తాగండి" అని వినపడుతుంది. రిటైరయ్యాక కాలక్షేపం కోసం అందరూ టీవీ కొనుక్కోమన్నారు. నేను కిటికీ తెరుచుకున్నాను. అంతకంటే మంచి సీరియల్ ఎక్కడొస్తుంది?

నున్నమ్మకు అసలు పేరొకటుంది. చెప్పినా మా వీధిలోవాళ్ళకే అర్థం కాదు, ఇక మీకెందుకు లెండి. పడవల అడుగు గీకడం ఆవిడ పని. పైకి ఎంత ముస్తాబుగా కనపడే పడవకైనా నీళ్ళలో ఉన్న అడుగున వేరే లోకం పెరుగుతుంది. పాచి, నాచు, రాయిలా అతుక్కునే తెల్లటి చిన్న గుల్లలు, ఇంకా నాకు పేర్లు తెలియని జీవాలు. అవి పేరుకుంటే పడవ బరువెక్కి, డీజిల్ గటగటా తాగుతూ, ముసలి దున్నలా కదుల్తుంది. అందుకని అప్పుడప్పుడూ దాన్ని ర్యాంపు మీదికి లాగి, దిమ్మల మీద నిలబెట్టి, అడుగంతా గీకి, కొత్త రంగు వెయ్యాలి. గీకేది నున్నమ్మ. రంగు వేసేది వాళ్ళాయన. "మా సంసారమూ అంతేనండీ. ఆవిడ గీకుతుంది, నేను పూత పూస్తాను" అంటాడాయన. రోజు మొత్తం మీద ఆయన మాట్లాడేది ఆ ఒక్క ముక్కే కాబట్టి ఎవరూ నవ్వకుండా ఉండరు.

తలకు గుడ్డ చుట్టుకుని, పాత చెక్క మీద వెల్లకిలా పడుకుని, పడవ పొట్ట కిందికి జరుగుతుంది నున్నమ్మ. చేతిలో అరిగిపోయిన స్క్రేపర్. మొహం మీద గుల్లల పొట్టు వడగళ్ళలా రాలుతుంటే కళ్ళు చికిలించుకుని కబుర్లు చెబుతూనే ఉంటుంది. పని అయ్యాక చెక్క నున్నగా అయిందో లేదో చేత్తో చూడదు, చెంపతో చూస్తుంది. అరచేతులకు కాయలు కాసిపోయాయి, వాటికేం తెలుస్తుంది అంటుంది. అలా పడవ పొట్టకు చెంప ఆనించి కళ్ళు మూసుకుంటే, మొదటిసారి చూసినవాళ్ళకు పడవ కడుపులో బిడ్డ కదలికలు వింటోందేమో అనిపిస్తుంది. ఈగ వాలితే జారిపడాలి, అప్పుడే ఆవిడకు తృప్తి. నున్నమ్మ అనే పేరు అలా వచ్చింది.

ఇక పనిలో ఆఖరి ఘట్టం ఊడ్పు. ర్యాంపంటే తెలుసుగా, ఒడ్డు నుంచి నీళ్ళలోకి దిగే సిమెంటు ఏటవాలు. గీకగా రాలిందంతా పొద్దు వాలేలోగా పొడుగు చీపురుతో నీళ్ళలోకి ఊడ్చెయ్యాలి. అది వాళ్ళమ్మ పెట్టిన పద్ధతి. వాళ్ళమ్మ కూడా అదే ర్యాంపు మీద అదే పని చేసింది. "సముద్రం సొమ్ము సముద్రానికే పోవాలి, ఒడ్డున ఉంచుకోకూడదు" అనేదట ఆవిడ. అందులో నీతి ఎంత ఉందో గానీ సౌకర్యం మాత్రం చాలా ఉంది. ఆ పొట్టు ఒక్కరోజు ఒడ్డున మగ్గితే వాసనకు వీధిలో ఎవరికీ అన్నం సయించదు. అందుకే పడవల యార్డు మేస్త్రీకీ ఆ నీతి నచ్చింది, మాకూ నచ్చింది.

ఊడ్చేటప్పుడు తడి చేతిలోంచి చీపురు జారి నీళ్ళలో పడటం మామూలే. పడిన చీపురు ఎక్కడికీ పోయేది కాదు. అక్కడి నీటివాలు ఒడ్డు వెంబడే వంపు తిరిగి తిన్నగా తిప్పక్క దగ్గరికి చేర్చేది. తిప్పక్క అంటే నున్నమ్మకు సొంత అక్క. వంపు అవతల, పోటు తగ్గితే బయటపడే రాళ్ళతిప్ప ఒకటుంది. దాని నిండా ఆల్చిప్పలే. వాటిని ఏరి అమ్ముకుని బతుకుతారు అక్కాబావా. ఉన్న ఇద్దరు కూతుళ్ళకూ తల్లి ఆస్తి పంచింది మరి! పెద్దదానికి తిప్ప, చిన్నదానికి స్క్రేపర్. చీపురు తేలుతూ వచ్చినప్పుడల్లా తిప్పక్క దాన్ని భుజాన వేసుకుని వీధిలోకి వచ్చేది. "ఏమే, మళ్ళీ ఉత్తరం రాశావా?" అని గుమ్మంలోంచే అరిచేది. ఆ వంకతో కూర్చుని, టీ తాగి, చెల్లెలి జుట్టు విప్పి దువ్వి, జడ వేసి వెళ్ళేది. జుట్టు నెరిసిన ఆడవాళ్ళిద్దరూ అలా గడపలో ఒకరి వెనక ఒకరు కూర్చుంటే నేను కిటికీ దగ్గర నుంచి కదిలేదాన్ని కాదు.

ఆ పెద్ద పడవ వచ్చింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. ఎక్కడో దూరపు సముద్రంలో చాలాకాలం తిరిగి పాతదైపోతే, మా రేవు ఆసామి ఒకాయన చవగ్గా వస్తోందని కొని తెచ్చుకున్నాడు. ర్యాంపు మీదికి లాగేసరికి అందరం నోళ్ళు తెరిచాం. నేను సాయంత్రం నడకకు వెళ్ళి అక్కడే నిలబడిపోయాను. పడవకు అడుగు కనపడటం లేదు. వేలిగోరంత చిప్పలు, ఒకదాని మీద ఒకటి, ద్రాక్ష గుత్తుల్లా వేలాడుతున్నాయి. నలుపూ పచ్చా కలిసిన రంగు, అంచున సన్నటి గోధుమ చార. ఒక్కొక్క దాని లోపల నుంచి వెంట్రుకల్లాంటి పోగులు వచ్చి చెక్కను పట్టుకున్నాయి.

"ఏమండోయ్, చుట్టాలొచ్చారు!" అంది నున్నమ్మ.

"ఎవరి తరఫు?" అన్నాడు వాళ్ళాయన రంగు డబ్బాలోంచి తలెత్తకుండా.

"ఇంత గట్టిగా పట్టుకుని వదలట్లేదంటే మీ తరఫే!"

ఆ రోజు నుంచి వాటికి చుట్టాలనే పేరు స్థిరపడింది. ఆ పడవను గీకడానికి ఆవిడకు మామూలు కంటే చాలా ఎక్కువ రోజులు పట్టింది. రోజూ సాయంత్రం తట్టలకు తట్టలు పొట్టు. రోజూ అమ్మ చెప్పినట్టే శుభ్రంగా ఊడ్చి నీళ్ళలోకి పంపింది. "పోండర్రా, వచ్చిన దారినే పోండి" అని వాటికి వీడ్కోలు కూడా చెప్పింది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

వచ్చిన దారిన పోలేదు. వానలు పోయి చలి మొదలయ్యేసరికి మా రేవు పడవలన్నిటి అడుగునా చుట్టాలే. గీకేకొద్దీ వస్తున్నాయి. నున్నమ్మకు చేతినిండా పని. ముందు సంతోషించింది, తర్వాత విసుక్కుంది, తర్వాత చెయ్యి నొప్పికి కాపడం పెట్టుకుంటూ తిట్టింది.

ఒకరోజు తిప్పక్క వచ్చింది. భుజాన చీపురు లేదు. చేతిలో బకెట్టు. గుమ్మంలో నిలబడి అరవలేదు కూడా. బకెట్టు గడప మీద పెట్టి, "చూడవే" అంది.

నేను చెప్పులేసుకునే వ్యవధి కూడా లేకుండా గోడ ఇవతల నుంచి అవతలికి చేరాను. బకెట్టులో పిడికెడంత ఆల్చిప్ప ఒకటి. అది ఆల్చిప్ప అని తిప్పక్క చెబితే తెలిసింది. దాని ఒంటినిండా చుట్టాలు. మూత తెరుచుకునే సందు లేకుండా బిగించేశాయి.

"లోపల చచ్చిపోయిందే. తిప్పకు కిందివైపు సగం ఇలాగే ఉంది. దీని నోరు మూసేసి, తాగే నీళ్ళు కూడా ఇవే తాగేస్తున్నాయి" అంది తిప్పక్క.

"ఏకులా వచ్చి మేకయ్యాయి కదే!" అంది నున్నమ్మ.

"ఆ పడవలవాళ్ళు! ఎక్కడెక్కడి దరిద్రాన్నీ అంటించుకుని మన నెత్తిన తెచ్చి పోస్తారు. కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి రావాలని తెలీదూ?"

"బాగా చెప్పావక్కా. నా ర్యాంపు మీదైతే ఒక్కదాన్ని మిగలనిస్తానా? పొద్దువాలేసరికి ఊడ్చి పారేస్తా!"

అక్క చెల్లెలి భుజం తట్టింది. "నువ్వొక్కదానివే నయం" అంది. ఇద్దరూ కలిసి పోర్టునూ, ఓడలనూ, ఆ పాత పడవ కొన్న ఆసామినీ తనివితీరా తిట్టుకున్నారు. ఆ రోజు జడ వేసే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఆ తర్వాత కొద్ది రోజులకు చేపల ఆఫీసు వాళ్ళు మా బడి హాల్లో మీటింగు పెట్టారు. రిటైరైనా బడి తాళాలు ఎక్కడుంటాయో నాకే తెలుసు కాబట్టి బెంచీలు సర్దించింది నేనే. సముద్రం జీవాల గురించి చదివిన ఒకమ్మాయి వచ్చింది. గాజు సీసాల్లో రకరకాల చిప్పలు, పీతలు పట్టుకొచ్చింది. తెల్లకోటు లేకపోయినా అందరూ డాక్టరమ్మ అనేశారు. మనిషి మంచిది. పిల్లలకు పాఠం చెప్పినట్టు నిదానంగా, బల్ల మీద ఎక్కి కూర్చుని చెప్పింది. నాకు ముచ్చటేసింది.

ఈ చిప్ప మన సముద్రానిది కాదంది. దాని సొంత సముద్రంలో దాన్ని తినే చేపలున్నాయి, పీతలున్నాయి, అందుకని అక్కడ అది అణిగి ఉంటుంది. ఇక్కడ దాన్ని ముట్టుకునే నాథుడు లేడు. పడవల అడుగున అంటుకుని కొన్ని వస్తాయి. ఓడలు తూగకుండా ఉండటానికి ట్యాంకుల్లో నింపుకునే నీళ్ళలో కంటికి కనపడని పిల్లలుగా ఇంకొన్ని వస్తాయి. చుట్టుపక్కల రేవుల్లో ఒక్కొక్కటిగా కనపడుతూ వస్తున్నాయట. మాది తాజాది.

వలల పెద్దాయన లేచాడు. "అమ్మా, మా వలలో ఈ మధ్య ఎర్రమూతి పీతలు పడుతున్నాయి. మా తాతలు కూడా చూడలేదు. అవీ చుట్టాలేనా?"

"చుట్టాలే అయ్యుంటాయి బాబాయ్, నాకొకటి చూపించండి."

"అయితే ఇంక కొన్నాళ్ళకు మేమే ఇక్కడ బయటివాళ్ళమన్నమాట!"

హాలంతా నవ్వు. నున్నమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. వాళ్ళ బావ తిప్ప సంగతి అడిగాడు. డాక్టరమ్మ మొహం కాస్త వాడింది. తిప్ప మొత్తం నిండిపోతే మూసెయ్యాల్సి వస్తుందంది. అక్కడి ఆల్చిప్పలు ఏరి వేరేచోటికి తీసుకెళ్తే వాటితోపాటు ఇవీ ఊరూరా పాకుతాయి కదా. వచ్చే చలికాలం దాకా చూసి ఆఫీసు నిర్ణయం చెబుతుందంది. తిప్పక్క కొంగుతో బెంచీ చెక్క తుడుస్తూ కూర్చుంది. తిప్ప పోతే ఆవిడకు ఇంకో పని రాదు. రావాలని కూడా లేదు.

అప్పుడు డాక్టరమ్మ మామూలుగా ఒక మాట అంది. ఎవరినీ ఉద్దేశించి కాదు. ఈ రేవులో ఎవరేం పని చేస్తారో ఆ అమ్మాయికి తెలీదు కూడా.

"ఇంకో సంగతండీ. పడవల అడుగు గీకినప్పుడు వచ్చింది మాత్రం దయచేసి మళ్ళీ నీళ్ళలో వెయ్యకండి. ఊడగొట్టినంత మాత్రాన ఇవి చావవు. మళ్ళీ పోగులు వేసి దొరికిన రాయిని పట్టుకుంటాయి. పైగా దెబ్బ తగిలితే బెదిరి ఒక్కసారిగా గుడ్లు వదిలేస్తాయి. ఆ గుడ్లు నీటివాలు ఎటుంటే అటు పోతాయి. ఒడ్డున ఎండలో పడేస్తే చాలు, అవే చస్తాయి."

హాల్లో ఎవరూ ఇటు తిరగలేదు. నీళ్ళలోకి ఊడ్చెయ్యడం మాకెంత అలవాటంటే, అది ఎవరో ఒకరు చేసే పని అని కూడా ఎవరికీ తోచలేదు. నేను మాత్రం నున్నమ్మ పక్కనే ఉన్నాను. ఏదో ఛలోక్తి కోసం తెరిచిన ఆవిడ నోరు అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా మూసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం నేను బియ్యం ఏరుకుంటుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. చేటలోంచి రెండు మెరికలు తీసి పక్కన పెట్టింది. అప్పుడడిగింది.

"టీచరమ్మా, నా చీపుర్లు ఎటుపోతాయి?"

"మీ అక్క దగ్గరికి" అన్నాను.

"ఆ" అంది. ఇంకో మెరిక తీసింది.

ఓదార్చబోయాను. నువ్వు గీకకపోయినా అవి వచ్చేవే కదా, ఓడలొస్తున్నాయి, ఆ పెద్ద పడవను నువ్వేమైనా పిలిచావా, తిలా పాపం తలా పిడికెడు అన్నాను. ఆవిడ ఒప్పుకుంది. "ఎలాగైనా వచ్చేవేమో టీచరమ్మా. ఎప్పుడో, కొద్దికొద్దిగా. కానీ తట్టలకు తట్టలు మా అక్క గుమ్మంలో దించి వచ్చింది నేనే కదా." లేచి వెళ్తూ, "మీరు రేపు నాతో తిప్ప దాకా రావాలి. ఒక్కదాన్ని వెళ్తే సగం దారిలోంచి తిరిగొచ్చేస్తాను" అంది.

వెళ్ళాం. పోటు తగ్గింది. నల్లటి రాళ్ళ మధ్య మోకాలి లోతు నీళ్ళలో వంగి తిప్పక్క చాకుతో చుట్టాలను ఊడదీస్తోంది. బావ పక్కనే బుట్ట పట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి, "మరదలు వచ్చిందంటే చీపురు పోయిందన్నమాట!" అన్నాడు. ఆ మాటతో నున్నమ్మ అనుకున్న వరస అంతా చెడింది. దారిపొడుగునా కూర్చుకున్న మాటలు పోయాయి.

"అక్కా, నేనే పంపాను."

"ఏంటే?"

"ఇవి. ర్యాంపు మీంచి ఊడ్చినవి. డాక్టరమ్మ చెప్పలా? నా చీపురు ఎక్కడికొస్తుందో ఇవీ అక్కడికే వచ్చాయి."

తిప్పక్క నిటారుగా లేచింది. చెల్లెలి వంక చూసింది, వంపు వైపు చూసింది, కాళ్ళ దగ్గర నీళ్ళ వంక చూసింది. నీళ్ళు ర్యాంపు వైపు నుంచే వస్తున్నాయి. మెల్లగా, ఎప్పటిలాగే.

"అమ్మ చెప్పింది కదే ఊడ్చెయ్యమని" అంది చివరికి. ఆ గొంతులో కోపం కంటే ఆశ ఎక్కువుంది. చెల్లెలు 'అవును, అమ్మదే తప్పు' అంటే అక్కడితో పోయేదేమో.

"అమ్మ కాలంలో ఇవి లేవక్కా. ఆవిడ ఊడ్చినవన్నీ ఇక్కడివే. నేను చూశాను, కొత్తవని తెలుసు, చూసి కూడా ఊడ్చాను."

తిప్పక్క మళ్ళీ వంగింది. చాకు పని మొదలైంది. మేం నిలబడ్డాం. తలెత్తకుండానే అంది. "చీపుర్లు పంపావు. చుట్టాలను పంపావు. ఇంక చేట కూడా పంపించు, కాపరం మొత్తం ఇక్కడే పెట్టేస్తాను."

ఇంకో రోజైతే అందరం నవ్వేవాళ్ళం. బావ కూడా నవ్వలేదు. నున్నమ్మ సంచిలోంచి తన స్క్రేపర్ తీసి, చీర ఎగ్గట్టి, అక్కకు కాస్త దూరంగా వంగింది. ఆ రోజంతా ఇద్దరి మధ్యా మాట లేదు. తెచ్చిన భోజనం డబ్బా తిప్పక్క ముట్టుకోలేదు. బావ తిన్నాడు. మొహమాటంతో నేనూ తిన్నాను, నడిచొచ్చిన ఆకలి మరి.

ఆ మర్నాటి నుంచి ర్యాంపు మీద కొత్త పద్ధతి మొదలైంది. పాత వలగుడ్డనూ టార్పాలిన్ ముక్కలనూ కలిపి నున్నమ్మ ఒక పెద్ద పరదా కుట్టింది. పడవను దిమ్మల మీద నిలబెట్టగానే దాన్ని అడుగున పరిచేది. రాలిందంతా అందులోనే పడాలి. రంగాయన, అదే వాళ్ళాయన, నోరు విప్పాడు. "పడవకు లంగా కట్టావేమే!" మేస్త్రీ మాత్రం నెత్తి కొట్టుకున్నాడు.

"ఈ కంపు ఎక్కడ పెడతావమ్మా? వెనక ఇంకో పడవ కాచుకుని ఉంది, నువ్వేమో పొట్టు మూటలు కడుతున్నావు! ఊడ్చి పారెయ్యరాదూ?"

"మీ ఇంటి చెత్త మీ అక్కగారి వాకిట్లో పారేస్తారా మేస్త్రీగారూ?"

"మా అక్క మాట్లాడితే కదా, పారెయ్యడానికి" అని గొణుక్కున్నాడాయన. పాపం, ఆయన కష్టాలు ఆయనవి. మొత్తానికి యార్డు వెనక మూల చూపించాడు, కానీ అక్కడ నీడ. ఎండ కావాలి. ఎండ ఎక్కడుంది? మా డాబా మీద ఉంది! మా రెండిళ్ళకూ కలిపి ఒకటే డాబా. నేనేమో ఉత్సాహంలో "దాందేముంది, ఆరబెట్టుకో" అనేశాను. ఆ వారం మా వీధిలో ఎన్ని కాకులుండాలో అన్నీ మా డాబా మీదే సభ పెట్టాయి. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవాల్సి వచ్చింది. మా ఎదురింటావిడ ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చి, "టీచర్‌గారూ, మీరు పిల్లలకు పరిశుభ్రత పాఠం చెప్పేవారు కదా?" అని అడిగి వెళ్ళింది. చివరికి రంగాయనే యార్డు వెనక రేకులు రెండు ఊడదీసి ఎండ పడేలా చేశాడు. అక్కడే ఎండబెట్టి, పెళపెళలాడాక గోతిలో పూడ్చడం అలవాటైంది. పక్క రేవువాళ్ళు చూసి ముందు వెక్కిరించారు, తర్వాత పరదా కొలతలు అడిగి వెళ్ళారు.

పోటు తగ్గే వేళ పగలొస్తే చాలు, నున్నమ్మ తిప్ప మీద ఉండేది. ఒక రాయికి అటు అక్క, ఇటు చెల్లెలు. టక్కుటక్కుమని చాకూ స్క్రేపరూ మాట్లాడుకోవడమే తప్ప మనుషులకు మాటల్లేవు. మధ్యవర్తి బావ. "మరదలా, మీ అక్క ఆ పక్క రాయి చూడమంటోంది." "బావా, చూశానని చెప్పు." నాకైతే కడుపు ఉబ్బరం! అంతసేపు మాట్లాడకుండా ఎలా ఉంటారో మనుషులు. డాక్టరమ్మ అప్పుడప్పుడూ వచ్చి రాళ్ళ మధ్య గళ్ళ చట్రం పెట్టి చుట్టాలను లెక్కబెట్టుకుని వెళ్ళేది. కిందివైపు ఎప్పుడూ నీళ్ళలో ఉండే రాళ్ళు ఇక దక్కవని నెమ్మదిగా చెప్పింది. వచ్చిన చుట్టాలు ఈ సముద్రం వదిలి పోవడమనేది ఉండదంది. పైసగం మాత్రం ఎండ తగుల్తుంది కాబట్టి, ఏరుతూ ఉంటే నిలబడుతుందంది.

"ఎన్నాళ్ళు ఏరాలమ్మా?" అడిగాడు బావ.

"ఎన్నాళ్ళు ఆల్చిప్పలు కావాలో అన్నాళ్ళు."

"అంటే అంట్లు తోమడం లాంటిదన్నమాట" అంది నున్నమ్మ. తిప్పక్క పెదవి కొస కదిలినట్టు నాకనిపించింది. బావ అలాంటిదేమీ లేదన్నాడు.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఆఫీసు నిర్ణయం చెప్పింది. కిందిసగం మూసేశారు, జెండాలు పాతి హద్దు పెట్టారు. పైసగం తిప్పక్కకే వదిలారు, ఏరిన ప్రతి ఆల్చిప్పనూ అక్కడే శుభ్రంగా గీకి మరీ బయటికి తీసుకెళ్ళాలన్న షరతుతో. సగం పోయింది, సగం మిగిలింది. ఆ కబురు బావే వచ్చి చెప్పాడు. నున్నమ్మ గడపలో కూర్చుని విని, లోపలికెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. అక్క రాలేదేమని అడగలేదు.

ఆ తర్వాతే ఒకరోజు ర్యాంపు కడుగుతుంటే నున్నమ్మ చేతిలోంచి చీపురు నీళ్ళలో పడింది. పరదా వచ్చాక ఊడ్చడానికి పొట్టే లేదు, తడి సిమెంటు మీద ఉత్త నీళ్ళు నెట్టడమే. అక్కతో మాటలు పోయాక ఒక్కసారి కూడా జారనిది ఆ రోజే జారిందని వాళ్ళాయన అన్నాడు. జారిందో, జార్చిందో నన్నడక్కండి. నేను ఆ సమయంలో అటు చూడటం లేదు. అదొక్కటే నేను చూడనిది, అందుకే నాకింత బాధ. చీపురు వెళ్ళి వెళ్ళి వంపు తిరిగేదాకా ఆవిడ ర్యాంపు చివర నిలబడి చూస్తూనే ఉందట.

ఆ సాయంత్రం తిప్పక్క రాలేదు. మర్నాడూ రాలేదు. నేను కిటికీ దగ్గరే కూర్చుని కూరగాయలు తరిగాను, పేపరు చదివాను, మళ్ళీ తరిగాను. గోడ అవతల ఆవిడ ఉన్న గిన్నెలే మళ్ళీ మళ్ళీ తోముతున్న చప్పుడు.

ఆ పై రోజు ఎండ చల్లబడ్డాక వీధి చివర తిప్పక్క కనపడింది. భుజాన చీపురు. గుమ్మం ముందు నిలబడింది. అరవలేదు. నున్నమ్మ తడి చేతులతో వచ్చి గడపలో నిలబడిపోయింది. తిప్పక్క చీపురును అటూ ఇటూ తిప్పి చూపించింది.

"కర్ర మొదట్లో ఒకటి పట్టుకుంది. ఇంతే ఉంది, ఆవగింజంత. నలిపేశాను" అంది.

"నేనే చూసుకోవాల్సింది" అంది నున్నమ్మ.

"నేను చూశాలే. రోజూ చూస్తున్నదే కదా." చీపురు గోడకు ఆనించింది. చెల్లెల్ని కిందికీ పైకీ చూసింది. "ఆ జుట్టేంటే అలా ఉంది? పడవ అడుగున పీచులా! దువ్వెన తే."

నున్నమ్మ దువ్వెన కోసం లోపలికి పరుగెత్తింది. ఇంట్లో ఎక్కడుందో కనపడలేదు కాబోలు, గోడ మీద దబదబా బాదింది. నేను నా దువ్వెన కిటికీలోంచి తిప్పక్కకు అందించాను.